అమ్ముడుపోని రంగులు

కరెంటు పోగానే చీరలన్నీ ఒకటే రంగయ్యాయి. గోడ పొడవునా అరల్లో నిలబడి అంతదాకా నన్ను చూడు, నన్ను చూడు అని కేకలేసిన ఎరుపులూ పచ్చలూ నీలాలూ గమ్మున తలలు దించుకున్నాయి. అమ్మయ్య అనుకుంది దాక్షాయణి. తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద, ఆమె ముందర మడత విప్పి పెట్టిన లేత ఉల్లిపొర రంగు కంచిపట్టు చీర కూడా ఏ రంగూ లేకుండా పడి ఉంది. రంగు లేకపోతే ఎంత ముచ్చటగా ఉందో! నేతకు వంక లేదు, జరీకి వంక లేదు, చెయ్యి వేస్తే మీగడ. ఆ రంగొక్కటే వచ్చింది ప్రాణానికి. సాయంత్రంలోపల ఈ చీరో ఇంకొకటో తేల్చుకుని జాకెట్టు గుడ్డ టైలరు రత్నకు అందించాలి, లేకపోతే గురువారానికి జాకెట్టు లేదు. గురువారం దొడ్డయ్యకు షష్టిపూర్తి. అరవై నిండిన మొగుడి పక్కన మళ్ళీ పీటల మీద కూర్చోవాలి, మళ్ళీ తాళి కట్టించుకోవాలి, మళ్ళీ ఫోటోలు. ఉన్న పెళ్ళి ఫోటో ఒక్కటి చాలదా, బీరువాలో బోర్లించి పెట్టుకోవడానికి? గల్లా దగ్గర ఇన్వర్టరు మీద వెలిగే ఒకే ఒక్క తెల్లలైటు కింద దొడ్డయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని, "కరెంటు వచ్చేదాకా ఉండు. ఈ లైటు కింద రంగు చూస్తే మోసపోతావు," అన్నాడు. కొనవచ్చిన ప్రతి మనిషికీ చెప్పే మాటే, ఇవాళ పెళ్ళానికి చెప్పాడు. సరే, ఉంటుంది. బంగారు గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో మధ్యాహ్నం కరెంటు పోతే గంటకు తక్కువ రాదు. బజారంతా గొంతు తగ్గించుకుంది. పక్క అంగడి మిక్సీ ఆగింది, ఎదురుగా సెల్‌ఫోన్ల అంగడి పాట ఆగింది, చిల్లర అంగడాయన అట్టముక్కతో విసురుకుంటూ మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు.

పొద్దున ఆయనే అన్నాడు, "నీకేది కావాలో తీసుకోమే, అంగడంతా నీదే గదా," అని. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం, పైకొకటి లోనొకటి ఆయన ఒంట్లో లేదు. అంటూనే ఆయన చెయ్యి మాత్రం, కళ్ళతో పని లేకుండా, పై అర మూలకు పోయి ఈ ఉల్లిపొర చీరను లాగింది. "ఇది చూడు, అచ్చమైన కంచిది. మూడేండ్లయినా ఎవురూ తీసుకోలా. నీకు బాగుంటాది." ఎవరూ తీసుకోనిదానికీ నీకు బాగుండటానికీ మధ్య ఏం సంబంధమో ఆయన్ని అడిగితే బిత్తరపోతాడు. అది ఈ ఇంటి పద్ధతి. జొన్నల అంగడి వాళ్ళు పుచ్చు ఏరి ఇంట్లో వండుకున్నట్టు, బట్టల అంగడి ఆడవాళ్ళు అమ్ముడుపోనిది కట్టుకుంటారు. మామ తిమ్మరాయప్ప పెట్టిన రెండు చట్టాలు. అరలో ఉన్నది ఏదైనా సరే అమ్మేదే, అడిగినవాళ్ళకు లేదనకూడదు. ఎవరూ అడగనిది ఇంటికి. అత్త చనిపోయాక ఆమె పెట్టె తెరిస్తే, ఊరంతా వద్దన్న రంగులన్నీ అందులోనే ఉన్నాయి. మడత పడ్డచోట రంగు వెలిసి అడ్డగీతలు, నెలల తరబడి అద్దాల బీరువాలో వేలాడి ఒక పక్క ఎండ తిన్న కొంగులు. ఏడవాల్సిన రోజున దాక్షాయణికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయి నిలబడింది. ఆ పెట్టె ఇక తనదే అవుతుందని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తన బీరువా తీస్తే ఏమున్నాయి? లేత ఊదా, బూడిద గులాబీ, పాలనీలం, నీళ్ళు కలిపినట్టుండే ఆకుపచ్చ. ఒక్కటీ తను అడిగింది కాదు. అడగాలని అనుకున్నదీ లేదు, అదే విడ్డూరం. మంచి పట్టే గదా, కట్టుకోవడానికి లోటేముంది అనుకునేది. లోటేముందో అద్దం చెప్పేది, అద్దం మాట ఎవరు వింటారు.

కూతురు రక్షిత ఊరుకోదు కదా. రోజూ పొద్దున రైల్లో బెంగళూరుకు పోయి దీపాలు పెట్టాక వచ్చే పిల్ల, ఆ రైల్లో కూర్చుని ఫోన్లో ప్రపంచమంతా చూసేస్తుంది. నిన్న ఆదివారం తల్లిని మిద్దె మీదికి లాక్కుపోయి, ఎండ పడేచోట స్టూలు వేసి కూర్చోబెట్టింది. "సుమ్నే కూచో మా, కదలద్దు." ముంజేయి తిప్పి నరాలు చూసింది. "నీలంగా ఉండాయా, ఆకుపచ్చగా ఉండాయా?" నరాలకు రంగేంటే నీ మొహం, అంది దాక్షాయణి. ఉంటుందంట. ఒంటి మీద కనపడే నలుపూ తెలుపూ వేరంట, దాని అడుగున ఉండే ఛాయ వేరంట. తెల్లటివాళ్ళలోనూ అడుగున పసుపు ఉంటుంది, నల్లటివాళ్ళలోనూ అడుగున నీలం ఉంటుంది. నరాలు ఆకుపచ్చగా కనపడితే పసుపు ఛాయ, నీలంగా కనపడితే చల్లటి ఛాయ, లేత రంగులు నప్పేది వాళ్ళకేనంట. ఆ అడుగు ఛాయకు తగ్గ రంగు కడితే ముఖం లేస్తుంది, తగనిది కడితే పడిపోతుంది. వెండి పట్టాగొలుసు తెచ్చి చెంపకు ఆనించింది, చల్లగా తగిలి దాక్షాయణి ఉలిక్కిపడింది. తర్వాత తన గాజు తీసి అదే చెంపకు పెట్టింది. వెండి, బంగారం, వెండి, బంగారం. చిన్నప్పుడు జ్వరమొస్తే తను ఈ పిల్ల నుదురు ఇట్లాగే పట్టి చూసేది. ఇప్పుడు ఈ పిల్ల తన ముఖాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఒక కన్ను మూసి, తల్లి పని తను చేస్తోంది. ఇట్లా ఒకరు తన ముఖాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. "వెండి పెడితే నీ ముఖం బూడిద కొడతాది మా. బంగారు పెడితే చూడు, ఎట్ల లేస్తా ఉండాదో. నువ్వు పసుపు ఛాయ. ఆవ పసుపు, జేగురు, బెల్లం రంగు, ముదురాకుపచ్చ, ఇవి కట్టల్ల నువ్వు. లేత రంగులు ముట్టుకోనే కూడదు." "గనిలో దిగినోడి మాదిరి అడుగున ఏముండాదో చూస్తా ఉండావే నువ్వు," అని నవ్వేసింది దాక్షాయణి. నవ్వింది గానీ రాత్రంతా ఆ మాట లోపలే తిరిగింది. లేత రంగులు ముట్టుకోనే కూడదు. ముట్టుకున్నవన్నీ అవే కదా!

అమ్మ చెప్పింది దానికి ఎదురు. కోరమండల్‌లో, బంగారు గని కూలీల లైన్ల చివర నాన్నకు చిల్లర అంగడి ఉండేది. నలుగురు ఆడపిల్లల్లో తనే నలుపు. అమ్మ ఆదిలక్ష్మమ్మకు అదొక దిగులు, రాత్రీ పగలూ మోసిన దిగులు. నల్లపిల్లకు లేతరంగు వేస్తే కొంచెం తెల్లగా కనపడుతుందని ఎవరు చెప్పారో, పండగ వస్తే చాలు అక్కచెల్లెళ్ళకు మిరపపండు ఎరుపూ నెమలికంఠమూ, తనకు మాత్రం వెలిసిన గులాబీ. ఆ లంగాలు ఉతికి తీగ మీద వేస్తే, గాలి తిరిగిన రోజున, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది బూడిద దుమ్ము వచ్చి వాటి మీదే కూర్చునేది. అన్ని బట్టల మీదా కూర్చునేది నిజానికి, లేతవాటి మీదే కనపడేది. సైరన్ మోగేది, షిఫ్టు మారేది, అమ్మ పరుగున వచ్చి బట్టలు దులిపేది. దులిపినా పోయేది కాదు. పెద్దయ్యాక కూడా లేత ఊదా చీర చూస్తే చాలు, దాక్షాయణి చెయ్యి తనకు తెలియకుండానే దులుపుతుంది. అమ్మను ఏమనగలదు? పిల్ల బాగుండాలనే చేసింది. ఇక్కడ దొడ్డయ్యా అంతే, నష్టం కాకూడదనే ఇచ్చాడు. అందరూ మంచివాళ్ళే. అందరూ మంచివాళ్ళయితే ఎవరి మీద అలగాలో తెలియదు. పెళ్ళిచీర కూడా ఈ అంగడిదే. తిమ్మరాయప్ప స్వయంగా పంపాడు, పెద్ద జరీ అంచు, లేత గులాబీ, మోకాలి దగ్గర వెలిసిన మడత గీత. కుచ్చిళ్ళలో దాచేశారు గీతను. ముఖాన్ని ఎక్కడ దాస్తారు? పెళ్ళిపందిట్లో ఎవరి పిల్లో గట్టిగా, "పెండ్లికూతురికి జరమొచ్చినాదా?" అని అడిగింది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఫోటోలో ఆ నవ్వు కూడా జ్వరంగానే ఉంది.

అయితే ఒకటుంది. ఈ అంగట్లో బొమ్మకు చీర కట్టి నిలబెట్టే అలవాటు లేదు, దాక్షాయణే బొమ్మ. కాపురానికి వచ్చిన కొత్తలోనే మామ, "నువ్వు భుజాన వేసి చూపించమ్మా, ఆడోళ్ళకు నమ్మకముంటాది," అన్నాడు. అప్పట్నుంచీ ఎన్ని చీరల కొంగులు ఈ ఎడమ భుజం మీదికి ఎక్కి దిగాయో. కొనేవాళ్ళు పరుపు మీద కూర్చుని చూస్తారు. నిలువుటద్దం వాళ్ళవైపే తిరిగి ఉంటుంది. తను అద్దం పక్కన నిలబడుతుంది, తనకు తను కనపడదు. గల్లా వెనకున్న దొడ్డయ్యకు కనపడేది ఆమె వీపు, జడ. వాళ్ళ కళ్ళను బట్టి చెప్పేస్తుంది చీర పోతుందో లేదో. ఒకసారి, రక్షిత ఇంకా పరుపు మీద పాకుతున్న రోజుల్లో, ఆవ పసుపుకు జేగురు అంచున్న చీర వచ్చింది. భుజాన వేసిందో లేదో, ఎదురుగా కూర్చున్న టీచరమ్మ లేచి నిలబడింది. ఇదే కట్టివ్వండి, ఇంకేమీ చూపించొద్దు! వారం తిరక్కుండా అదే చీర సంచిలో పెట్టుకుని వచ్చింది. "మీ మింద ఒక రకంగా ఉన్నింది, నా మింద ఇంగో రకంగా ఉండాది. మార్చి ఇవ్వండి." అందరూ ఆమెను చంచల మనిషి అన్నారు. కానీ అంతలోనే ఇంకొకావిడ అడిగింది, దాక్షాయణి వేసి చూపించింది, ఆవిడ ఎగరేసుకుపోయింది. ఆవ పసుపులన్నీ అట్లాగే పోయేవి. జేగురు పోయేది, బెల్లం రంగు పోయేది, ముదురాకుపచ్చ వచ్చిన పూటే పోయేది. ఉండిపోయేవి లేత ఊదాలు, బూడిద గులాబీలు. భుజాన వేస్తే ఎదుటివాళ్ళ కళ్ళు పక్కకు జారేవి, వేరేది చూపించమ్మా అనేవాళ్ళు. మూడేళ్ళుగా ఈ ఉల్లిపొరను వేసి చూపించిన ప్రతిసారీ అదే మాట.

దాక్షాయణి చెయ్యి చీర మీద ఆగిపోయింది.

ఎందుకు పోలేదు మరి? రంగు పాడైనదనా? రంగుకు ఏ రోగమూ లేదు. ఎవరు వేసి చూపించారు దీన్ని? తను. ఎవరి భుజం మీద చూసి జనం వద్దన్నారు? తన భుజం మీద. తనకు నప్పినదల్లా చూసినవాళ్ళు పట్టుకుపోయారు, తనకు నప్పనిది మిగిలింది, మిగిలింది గనుక తనకే వచ్చింది. ఓరి దేవుడా! ఒక్క రంగు కూడా తప్పిపోకుండా, జల్లెడ పట్టినట్టు, తన ముఖాన్ని పాడుచేసేవి మాత్రమే ఏరి ఏరి తన బీరువాకు పంపింది ఈ అంగడి. ఎవరూ కావాలని చేయలేదు. తన భుజమే చేసింది. కోపం రావాల్సింది, రాలేదు. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి, అదీ చీకట్లో ఎవరికీ తెలియలేదు. మెల్లగా ఇంకొకటి తెలిసొచ్చింది, అది దాచుకున్న సంగతి. కిందటిసారి సరుకు మూటలో ఒక ఆవ పసుపు చీర వచ్చింది, జేగురు అంచు, అంచు మీద సన్న జరీ. దాన్ని కింది అరలో, లైనింగు గుడ్డల వెనకాల పెట్టింది. నలిగిపోతుందని పెట్టాననుకుంది. ఇప్పటిదాకా ఎవరికీ వేసి చూపించలేదు. వేస్తే పోతుందని భుజానికి ముందే తెలుసు కాబోలు, మనసుకే ఇప్పుడు తెలిసింది. కావాలి. ఆ చీర తనకు కావాలి. గురువారం ఆ పీటల మీద అది కట్టుకుని కూర్చోవాలి, ఫోటోను బోర్లించకుండా గోడకు తగిలించాలి. ఇంత వయసొచ్చి ఒక చీర కావాలని నోరు తెరిచి అడగడానికి ఇంత జంకా?

"ఎవురూ లేరా అంగట్లో?" అని మెట్ల దగ్గర గొంతు. నంగలి నుంచి వచ్చిన తల్లీ కూతురూ. తల్లి మునిలక్ష్మమ్మ పట్టుపురుగులు పెంచే ఇంటి మనిషి, చేతులకు మల్బరీ ఆకు మరక ఉంది. కూతురు సవితకు నిశ్చితార్థం. కరెంటు లేదని వాకిలి దగ్గరే, వెలుతురున్న చోట కూర్చున్నారు. "కళగా ఉండేది చూపించమ్మా, దీపం పెట్టినట్ల ఉండల్ల," అంది మునిలక్ష్మమ్మ. దాక్షాయణి ఒక ఎరుపు తీసింది, ఒక చిలకపచ్చ తీసింది. ఊహూ. గల్లా దగ్గర నుంచి దొడ్డయ్య గొంతు వచ్చింది. "దాక్షాయణీ, కింద అరలో ఆవ పసుపుది ఉండాది చూడు, లైనింగు గుడ్డల ఎనకాల. అది వేసి చూపించు." ఆయనకు తెలియని అరే లేదు కదా ఈ అంగట్లో. దాక్షాయణి వంగింది. లేదని చెప్పేయవచ్చు. పోయిందని చెప్పేయవచ్చు. మామ ఫోటో గల్లా పైన ఉంది, ఆయనకు చేతులు జోడించకుండా ఒక్క రోజూ షట్టరు ఎత్తలేదు. అరలో ఉన్నది అమ్మేదే. చీరను రెండు చేతులతో తీసింది, వాకిట్లోకి నడిచింది, కొంగు విప్పి భుజాన వేసుకుంది. ఎండ మెట్ల మీది నుంచి పాకి వచ్చి ఆమె మెడదాకా పడింది.

మునిలక్ష్మమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఏందమ్మా ఇది! పండిన పురుగు మాదిరి మెరిసిపోతా ఉండావే నువ్వు!" అంది. గూడు కట్టే ముందు పట్టుపురుగు పసుపు తిరిగి లోపలి నుంచి వెలుగుతుంది, ఆ వెలుగు కోసమే ఆ ఇళ్ళల్లో నిద్ర మానుకుని కాచుకుంటారు. పురుగుతో పోల్చినందుకు ఇంత సంతోషం ఏ ఆడదానికైనా కలిగి ఉంటుందా? దాక్షాయణికి కలిగింది, చెవుల దాకా వేడెక్కింది. "ఇదే ఇచ్చెయ్యమ్మా. ఇంగేం చూసేది వద్దు." వచ్చేసింది ఆ మాట. ఎప్పుడూ వచ్చే మాటే. ఇప్పుడు చెయ్యాల్సింది చీరను భుజం మీది నుంచి దించి, మడిచి, గల్లా దగ్గరికి పంపడం. చెయ్యి పైకి లేచింది కూడా. లేచి, కొంగును దించలేదు. గట్టిగా పట్టుకుంది.

"ఇది అమ్మేది కాదమ్మా."

తన గొంతేనా అది? గల్లా దగ్గర కళ్ళద్దాలు పైకి లేచాయి. "ఏమే?" అన్నాడు దొడ్డయ్య. "అమ్మేది కాదండి. ఇది నాది. గురువారానికి తీసి పెట్టుకున్నా." అంతే, పిడుగేమీ పడలేదు. మామ ఫోటో గోడ మీదే ఉంది. మునిలక్ష్మమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది, సవిత మాత్రం తల ఎత్తి దాక్షాయణిని కొత్తగా చూసింది. ఆ చూపు దగ్గర దాక్షాయణికి పిల్ల ముఖం కనపడింది. చామనఛాయ. తనకంటే పెద్ద తెలుపేమీ కాదు, కానీ అడుగున పసుపు లేదు, ఏదో చల్లటి గులాబీ. "చెయ్యి ఇట్లియ్యి పాపా." ముంజేయి ఎండలోకి తిప్పింది. నరాలు నీలంగా ఉన్నాయి, రక్షిత చెప్పినట్టే. దాక్షాయణి లోపలికి పోయి పరుపు మీద చీకట్లో పడి ఉన్న ఉల్లిపొర చీరను తెచ్చింది. తను వేసుకోలేదు. పిల్లనే లేపి నిలబెట్టి పిల్ల భుజానే వేసింది. మూడేళ్ళు మూలన పడున్న రంగు ఒళ్ళు విరుచుకుని లేచింది. పిల్ల చెంపలకు ఎక్కడిదో రక్తం వచ్చింది, కళ్ళ తెల్లగుడ్లు ఇంకా తెల్లబడ్డాయి. అద్దంలో తనను తాను చూసుకుని, వచ్చినప్పటి నుంచీ ఒక్క మాటా మాట్లాడని సవిత, "అమ్మా, ఇదే," అంది. మునిలక్ష్మమ్మ కూతురి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇంతసేపు యాడ దాచి పెట్టినారమ్మా దీన్ని?" అని కసురుకుంది.

వాళ్ళు మెట్లు దిగి పోయారు. కరెంటు ఇంకా రాలేదు. దాక్షాయణి వాకిట్లోనే నిలబడి ఉంది, భుజాన ఆవ పసుపు కొంగు అట్లాగే. దించితే మళ్ళీ వేసుకోవడానికి ధైర్యం వస్తుందో రాదో. దొడ్డయ్య గొణుక్కున్నాడు, ఆమెతోనో తనతోనో. "మూడేండ్లు ఎవురూ ముట్టని చీర. ఈ పొద్దు ఎట్ల పోయినాదే?"

"నా భుజం మింద నుంచి దించినా," అంది. "అంతే."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. పై అర మూలన ఉల్లిపొర చీర తీసిన ఖాళీ చోటు వైపు తల తిప్పి చూశాడు. ఆమె బీరువాలోని చీరలు ఒక్కొక్కటే ఆయన కళ్ళ ముందుకు వస్తున్నాయని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. ఆ బీరువా నింపిన చెయ్యి ఆయనదే కదా. తర్వాత లేచాడు. గల్లా బల్ల చెక్క ఎత్తి ఇవతలికి వచ్చి, కొనేవాళ్ళు కూర్చునే పరుపు మీద, ఇందాక మునిలక్ష్మమ్మ కూర్చున్నచోటే కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేసి కొంచెం మూలిగాడు. కళ్ళద్దాలు తీసి పంచె చెరుగుతో తుడిచి పెట్టుకుని ఆమెను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. దాక్షాయణికి సిగ్గేసి, "ఏమండీ ఇది," అంది.

"ఇన్నేండ్లు ఈడ కూచున్నోళ్ళకందరికీ కనపడినావు," అన్నాడు దొడ్డయ్య. "నాకే కనపడలా."

మళ్ళీ మూలుగుతూ లేచి, గల్లా మీది చిన్న కత్తెర తెచ్చి, ఆమె భుజం దగ్గర వేలాడుతున్న ధర చీటీ దారాన్ని కత్తిరించాడు.